పదిహేను వందల పడవ

మే నెల మొదటి ఆదివారం మా బావ నా చేతిలో మూడు అయిదువందల నోట్లు పెట్టాడు.

"బామ్మర్దీ, సిన్నోడికి రిమోట్ బోటు కొనాల. ఆన్‌లైన్లో నువ్వైతే సూసి తీస్తావు. ఇందులోనే వచ్చీయాల," అన్నాడు.

నేను సరేనన్నాను. ఇంజినీరింగ్ చదివాను, రోజూ కోడ్ రాసే ఉద్యోగం. ఓ బొమ్మ పడవ ఎంచడం ఎంతసేపు అనుకున్నాను. పన్నెండు రోజులు పట్టింది.

ముందు ఆ పదిహేను వందల సంగతి చెప్పాలి. మా బావ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో సోనా బోటు మీద కలాసీ. వేటకి వెళ్తే పది పదిహేను రోజులు సముద్రం మీదే. తిరిగొచ్చాక చేప అమ్మి, డీజిల్, ఐసు, సామాన్ల ఖర్చు తీసేసి, మిగిలినదాంట్లో వాటా. వేట ఉంటేనే వాటా. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ నిషేధం ఉండాల్సిందే, ఈ మాట బావే అంటాడు. ప్రభుత్వం ఇచ్చే వేట నిషేధ భృతి 2025లో పది వేల నుంచి ఇరవై వేలు అయింది. అయినా రెండు నెలల అద్దె, స్కూలు ఫీజు, కిరాణా కొట్టు బాకీ అన్నీ అందులోంచే నడవాలి.

మా మేనల్లుడి పుట్టినరోజు సరిగ్గా ఆ నిషేధం మధ్యలో, మే నెలాఖర్లో వస్తుంది. ఈసారి ఎనిమిదో ఏడు. "ఈ పుట్టినరోజుకి రిమోట్ బోటు" అని వాళ్ళ నాన్న సంక్రాంతికే మాటిచ్చాడు.

ఆ రాత్రి లాప్‌టాప్ తెరిచి షీటు మొదలుపెట్టాను. స్పీడు, రేంజి, బ్యాటరీ, పొడవు, రేటింగు, ధర. ఆరు నిలువు వరసలు, పద్నాలుగు పడవలు. పదకొండో వరసలో ఒకటి నన్ను పట్టేసింది. ఎర్ర రంగు, సూదిలాంటి ముక్కు, గంటకి 25 కిలోమీటర్లు, తిరగబడితే తనంతట తానే నిలబడుతుంది. ధర 4,999.

మూడున్నర వేలు నేను వేస్తే సరిపోతుంది కదా అనిపించింది. ఆఫీసు ఫ్రెండ్స్‌తో ఒక వీకెండ్ బయటికెళ్తే అయ్యే ఖర్చు. "ఆఫర్లో వచ్చింది బావా" అంటే ఎవరికి తెలుస్తుంది? అక్కకి ఫోన్ చేసి చెప్పాను, మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "ఒరే, నువ్వు కొంటే అది మామయ్య పడవ. ఆయన కొంటే నాన్న పడవ. సంక్రాంతి కాడ్నించి ఆడు ఈదిలో అందరికీ మా నాన్న కొంటాడని సెప్పుకుంటన్నాడు. ఆ బోటు యాప్‌లో ఎంతుందో ఆడికి సూడ్డం రాదనుకున్నావేటి? ఆడికి తెలిస్తే ఆయనకీ తెలుస్తాది."

లాప్‌టాప్ మూసేశాను. ఆ అమౌంటు మీద పైసా పెరగకూడదు. ఆఫీసులో ఇలాంటి రూలు పెడితే నేను మేనేజర్‌తో గొడవ పడేవాణ్ణి. ఇక్కడ గొడవకి చోటు లేదు.

మర్నాడు అసలు కస్టమర్‌ని కలిశాను. "నీకు ఎలాంటి పడవ కావాలిరా?" అనడిగితే, "పడవ కాదు మామయ్యా, సబ్‌మెరైన్. కురుసుర లాంటిది," అన్నాడు.

విశాఖ పిల్లలకి ఇది మామూలే. ఆర్కే బీచ్ రోడ్డు మీద 91 మీటర్ల నిజం జలాంతర్గామి నిలబడి ఉంటే, బొమ్మల కొట్లో ఇంకేం అడుగుతారు? ఐఎన్‌ఎస్ కురుసుర 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడాది మ్యూజియం అయింది. మావాడు దాన్ని నాలుగుసార్లు చూశాడు.

రిమోట్ సబ్‌మెరైన్లు కూడా నా షీట్లోకి వచ్చాయి. చదివితే అసలు చిక్కు తెలిసింది. ఇప్పటి రిమోట్ బొమ్మలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. మన ఇంటి వైఫై, బ్లూటూత్ వాడే పట్టీయే. గాలిలో బాగా వెళ్తుంది కానీ నీళ్ళలోకి దిగితే కొద్ది దూరంలోనే ఆరిపోతుంది. ఉప్పునీరైతే ఇంకా ఘోరం, ఎందుకంటే అది కరెంటుని మోసే నీరు, రేడియో తరంగాన్ని మింగేస్తుంది. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ కాస్త లోతుకి దిగుతుంది. అందుకే చిన్న బొమ్మ సబ్‌మెరైన్లు పాతకాలపు 27, 40 మెగాహెర్ట్జ్ వాడతాయి, నిజం నౌకాదళాలు కిలోహెర్ట్జ్‌లలోకి వెళ్తాయి. చెరువులో బొమ్మ మునిగాక సిగ్నల్ తెగితే, మా చేతిలో ఖాళీ రిమోట్ మిగులుతుంది.

వాడికి అర్థమయ్యేలా చెప్పాను: "కురుసుర మునిగితే లోపల మనుషులు నడుపుతారు. నీ సబ్‌మెరైన్‌లో ఎవరుంటారు?" వాడు ఆలోచించి, "అయితే బోటే," అన్నాడు. ఆ విషయంలో వాడు నాకంటే తొందరగా తేల్చాడు.

అన్నట్టు, లోకంలో మొదటి రిమోట్ బొమ్మ కారో విమానమో కాదు, పడవే. 1898లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా ఓ నీళ్ళ తొట్టిలో చిన్న ఇనప పడవని తీగ లేకుండా నడిపి చూపించాడు. ఆ ఏడాది నవంబర్ 8న పేటెంట్ కూడా వచ్చింది. చూసినవాళ్ళలో కొందరు లోపల ఏదో మాయ ఉందనుకున్నారట. ఇది చెబితే మావాడు, "ఆ పడవ ఎంత?" అనడిగాడు. వాడికీ బడ్జెట్ సంగతి తెలుసన్నమాట.

తర్వాత శనివారం కొట్ల మీద పడ్డాను. జగదాంబ జంక్షన్, పూర్ణా మార్కెట్, చివరికి గాజువాక. అయిదారు వందల్లో దొరికే పడవలు చూశాను. పెన్సిల్ సెల్స్ వేసుకోవాలి. ముందుకి వెళ్తాయి, వెనక్కి వస్తే పక్కకి తిరుగుతాయి, అంతే. వాటిలో కొన్ని 27 మెగాహెర్ట్జ్‌వి. అలాంటివి రెండు ఒకే చెరువులో దింపితే ఒకడి రిమోట్‌కి ఇంకొకడి పడవ తిరుగుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌వి ఆన్ చెయ్యగానే తమ రిమోట్‌తో జత కట్టుకుంటాయి కాబట్టి ఆ గొడవ లేదు.

ఒక కొట్లో పడవ బావుంది, ధర పన్నెండు వందలు, పెట్టె మీద ఐఎస్‌ఐ గుర్తు మాత్రం లేదు. అడిగితే, "బొమ్మకెందుకు సార్ ఐఎస్‌ఐ?" అన్నాడు కొట్టాయన. ఎందుకంటే 2021 జనవరి 1 నుంచి మన దేశంలో పద్నాలుగేళ్ళ లోపు పిల్లల బొమ్మలకి ఆ గుర్తు తప్పనిసరి. కరెంటుతో నడిచేవాటికి ఐఎస్ 15644 అనే ప్రమాణం ఉంది. పిల్లాడి చేతిలో, నీళ్ళ పక్కన, లిథియం బ్యాటరీ ఉన్న వస్తువు. వదిలేశాను.

పదిహేను వందలకి ఎందుకింత తక్కువ వస్తోందో కూడా అప్పుడే తెలిసింది. ఈ బొమ్మలు చాలా వరకు బయటి నుంచి వచ్చేవే. దిగుమతి బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. 1948 మార్చి 14న నెహ్రూ గారు 'జల ఉష' ఓడని నీళ్ళలోకి దింపిన ఊరు మాది. అయినా ఒక్క బొమ్మ పడవ కోసం మూడు బజార్లు తిరిగాను.

చివరికి షీటు ప్రింట్ తీసుకుని హార్బర్‌కి వెళ్ళాను. బోట్లన్నీ పక్కపక్కనే కట్టి ఉన్నాయి. బావ నీడలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. నేను స్పీడు, రేంజి చదువుతుంటే వింటూ ముడి మీద ముడి వేస్తున్నాడు. అయ్యాక మూడు ప్రశ్నలు అడిగాడు.

"నీరు ఎక్కణ్ణించి లోపలికొస్తాది?"

"ఇంజిన్ ఆగిపోతే ఎవుడు తెస్తాడు?"

"గుంటడు రెక్క కాడ ఏలెడితే?"

పద్నాలుగు పడవలు, ఆరు వరసలు. ఈ మూడింటిలో ఒక్కదానికీ నా షీట్లో వరస లేదు.

ఇంటికొచ్చి షీటు చెరిపి మళ్ళీ రాశాను. ఈసారి అయిదు స్టార్ల రివ్యూలు వదిలేసి, ఒక్క స్టారువే చదివాను. అయిదు స్టార్లు పెట్టె తెరిచిన రోజున ఇస్తారు. ఒక్క స్టారు, పడవ మునిగిన రోజున. ఏ పడవలో నీరు ఎక్కడ దూరుతోందో అక్కడ దొరికింది. ముఖ్యంగా రెండు చోట్ల: బ్యాటరీ మూత దగ్గర, ఇంకా రెక్కని తిప్పే షాఫ్టు బయటికి వచ్చే గొట్టం దగ్గర. మూతకి రబ్బరు వాషరు, బిగించే గొళ్ళెం ఉన్నవి ఉంచి మిగతావి కొట్టేశాను.

వేలి ప్రశ్నకి కూడా జవాబుంది. కొన్ని పడవల అడుగున రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి. రెండూ నీటిలో తడిస్తేనే వాటి మధ్య కరెంటు పారి మోటారు తిరుగుతుంది. చేతిలో పట్టుకుని రిమోట్ నొక్కినా రెక్క కదలదు. పిల్లాడికి కొంటే స్పీడు కంటే ముందు చూడాల్సింది ఇదే.

ఇక స్పీడు. గంటకి 25 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 7 మీటర్లు. 40 మీటర్ల చెరువు ఆరు సెకన్లలో అయిపోతుంది. ఎనిమిదేళ్ళవాడు తిప్పేలోపు అవతలి గట్టుకి గుద్దుకుంటుంది. గంటకి 8 కిలోమీటర్లదైతే అదే దూరానికి 18 సెకన్లు. వంపు తిప్పడానికి, అరవడానికి, నవ్వడానికి టైముంటుంది. నేను మనసు పారేసుకున్న ఎర్ర పడవ మా చెరువుకి పనికొచ్చేదే కాదు.

బ్యాటరీ లెక్క కూడా తేలికే. 600 మిల్లీ యాంప్ అవర్ల బ్యాటరీ, రెండు మోటార్లు కలిసి సుమారు 3 యాంపులు లాగితే, పన్నెండు నిమిషాలు. పెట్టె మీద ఇరవై రాసున్నా పన్నెండే అనుకోవాలి. అందులోనూ తిరిగి రావడానికి సగం దాచుకోవాలి. ఛార్జింగ్‌కి గంట పైనే. నడిపిన వెంటనే వేడి మీద ఛార్జింగ్ పెట్టకూడదు, పెట్టి నిద్రపోకూడదు.

మొత్తానికి ఒకటి మిగిలింది. 2.4 గిగాహెర్ట్జ్, రెండు మోటార్లు, నీళ్ళ చుక్కలు, రబ్బరు వాషరు, బ్యాటరీ తగ్గితే రిమోట్ కూసే ఏర్పాటు, ఐఎస్‌ఐ గుర్తు. తిరగబడితే తనే లేచే సౌకర్యం లేదు. నీలం రంగు. 1,449 రూపాయలు. మిగిలిన యాభై ఒక్క రూపాయి బావకి తిరిగిచ్చేశాను. లెక్క చూసి జేబులో వేసుకున్నాడు.

పుట్టినరోజుకి నాలుగు రోజుల ముందు, వాడు స్కూలు ఫ్రెండ్ ఇంటికెళ్ళినప్పుడు, పెట్టె తెరిచాం. పుట్టినరోజు నాడే తెరిస్తే, పాడైనది వస్తే మార్చుకునే టైముండదు. చేపలు వేసే ఐసు తొట్టిలో నీళ్ళు నింపి, పడవ లోపల మడత పెట్టిన టిష్యూ పేపరు పెట్టి, పది నిమిషాలు వదిలాం. తీసి చూస్తే పేపరు వెనక అంచు తడిసింది.

నాకు గుండె జారింది. రిటర్న్ పెడదాం అన్నాను. బావ షాఫ్టు గొట్టం దగ్గర వేలు పెట్టి చూసి, "మా బోటుకీ ఇక్కడే వస్తాది," అన్నాడు. వాళ్ళ బోటులో షాఫ్టు బయటికెళ్ళే చోట ప్యాకింగ్ చుట్టి గ్రీజు కూరుతారు, లేకపోతే నీరు లోపలికొస్తుంది. అగ్గిపుల్లతో కొంచెం గ్రీజు తీసి గొట్టంలో నింపి, రెక్కని చేత్తో నాలుగు చుట్లు తిప్పాడు. మళ్ళీ పది నిమిషాలు. ఈసారి పేపరు పొడిగా ఉంది.

పుట్టినరోజు సాయంత్రం భీమిలి వైపు బావ వాళ్ళ అమ్మగారి ఊరికి వెళ్ళాం. సముద్రం పక్కనే ఉండగా చెరువు దాకా ఎందుకంటారేమో. ఈ సైజు పడవకి మన బీచ్ అలలు ఒక్కటి చాలు. పైగా ఉప్పు మోటార్లని తినేస్తుంది. ఎప్పుడైనా ఉప్పునీళ్ళు తగిలితే మంచినీళ్ళతో కడిగి, మూత తెరిచి ఆరబెట్టాలి.

గట్టు మీద రిమోట్ వాడి చేతికిచ్చే ముందు బావ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఇను. బోటు ఆగిపోద్ది. మునిగిపోద్ది కూడా. పోతే పోనీ. నువ్వు నీటిలో కాలెట్టకూడదు. మళ్ళీ సెప్పు." వాడు చెప్పాడు. ఇంకోసారి చెప్పించాడు. బావ గొంతు అలా ఉండగా నేను ఎప్పుడూ వినలేదు. ఆయన చూసినవి ఆయనకి తెలుసు. మేం ఎవరం అడగలేదు.

పడవ వెళ్ళింది. వాడు మొదట ఎడమకి తిప్పబోయి కుడికి తిప్పాడు. పడవ మనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు మారిపోతాయి కదా. అయిదు నిమిషాల్లో అలవాటు పడిపోయాడు. ఊరి పిల్లలు పదిమంది చేరారు. "ఎవురు కొన్నార్రా?" అని ఒకడు అడిగాడు. "మా నాన్న," అన్నాడు వాడు, రిమోట్ మీంచి కళ్ళు తియ్యకుండానే. నేను అక్క వైపు చూడలేదు.

తొమ్మిదో నిమిషంలో పడవ గుర్రపుడెక్క పక్కకి వెళ్ళి ఆగిపోయింది. గట్టుకి పాతిక మీటర్లుంటుంది. వాడు ముందుకి నొక్కాడు, వెనక్కి నొక్కాడు. రెక్కకి నాచు చుట్టుకుంది. ఒక అడుగు ముందుకేసి, గుర్తొచ్చి, ఆగి, వాళ్ళ నాన్న వైపు చూశాడు.

బావ సంచిలోంచి టంగూస్ దారం చుట్ట తీశాడు. చివర ఒక బెండు, దానికి రెండు జానల కింద చిన్న సీసం గుండు. ఇది ఇంట్లోనే కట్టి తెచ్చుకున్నాడు. "ఇంజిన్ ఆగిపోతే ఎవుడు తెస్తాడు" అని నన్నడిగింది ఊరికే కాదన్నమాట. మొదటిసారి విసిరితే ఇవతల పడింది. రెండోసారి ఎడంగా వెళ్ళింది. మూడోసారి బెండు పడవకి అవతల, రెండు మూరల దూరంలో పడింది. మెల్లగా లాగాడు. దారం పడవ నడుముకి తగిలి, బెండు దాని పక్కకి చేరి, పడవ కదిలింది. తొందర పడకుండా, ఆగి ఆగి లాగుతూ గట్టుకి చేర్చాడు.

పిల్లలంతా ఒక్క అరుపు అరిచారు. మావాడు మాత్రం అరవలేదు. దారం చుట్టే వాళ్ళ నాన్న చేతులనే చూస్తూ నిలబడ్డాడు. వాళ్ళ నాన్న పని చేస్తుంటే వాడు చూడటం అదే మొదటిసారి. వేట అంతా పిల్లలకి కనపడని చోట జరుగుతుంది కదా.

ఇంటికొస్తుంటే నేను సంచిలోంచి చిన్న పొట్లం తీశాను. అదే పడవకి ఇంకో బ్యాటరీ, రెండువందల అరవై రూపాయలు. ఇవ్వాలో వద్దో అని అప్పటిదాకా ఆలోచించాను. బావ చేతికే ఇచ్చి, "ఇది నా తరపున. ఫర్వాలేదా?" అనడిగాను. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఫర్లేదు. బోటు నాది, డీజిల్ నీది," అన్నాడు.

జూన్ 15న తెల్లవారకముందే హార్బర్ నిండిపోయింది. బోట్లకి పసుపు, కుంకుమ, పూలదండలు. గంగమ్మ తల్లికి కొబ్బరికాయలు. ఐసు బండ్లు, డీజిల్ డ్రమ్ములు, అరుపులు. బావ బట్టల సంచి లోపల పడేసి, బోటు అంచు మీద నిలబడ్డాడు. అక్క ఏవో మందుల గురించి చెబుతోంది. మావాడు కట్ట మీంచి గట్టిగా అరిచాడు.

"నాన్నా! షాఫ్టుకి గ్రీజు పెట్టారా?"

పక్క బోటు వాళ్ళు కూడా తిరిగి చూశారు. బావ నవ్వాడు.

"పెట్టాన్రా, సరంగూ," అన్నాడు.